గోల్ఫ్ బ్యాగు భుజానికా, తోపుడు ట్రాలీకా, బ్యాటరీ ట్రాలీకా? మన ఎండల ఆడేటోళ్లు ఎట్ల తేల్చుకోవాలె

మా నల్లగొండ దిక్కు ట్రాలీ అంటే ట్రాక్టర్ ఎనుక తగిలించేదే. నేను గోల్ఫ్ ట్రాలీ కొంటున్న అని ఫోన్ల చెప్తే మా బాపు మొదలు అడిగిన మాట "ఎన్ని బస్తాలు పడ్తయిరా దాంట్ల" అని. అందుకే ముందుగాల ఇది చెప్పి మొదలువెడ్త. గోల్ఫ్ ట్రాలీ అంటే మనం ఎక్కి కూసొని పోయే బగ్గీ కాదు, అది వేరే. ఇది ఉత్త బ్యాగును మోసే చిన్న చక్రాల బండి, మనం దాని ఎంబడి నడవాల్సిందే. దీంట్ల రెండు రకాలు, చేత్తోని తోసుకుంట పోయే పుష్ ట్రాలీ ఒకటి, బ్యాటరీ మోటరుతోని అదే కదిలే ఎలక్ట్రిక్ ట్రాలీ ఒకటి. మూడో దారి ఏ బండీ లేకుండ బ్యాగును భుజానికి తగిలించుకునుడు. నేను మూడూ చేసిన, మూడింట్ల దెబ్బలు కూడ తిన్న, కొత్తగ నేర్చుకుంటున్న మన పాలమూరు, నల్లగొండ, సూర్యాపేట పిల్లలు ఊకె అడుగుతున్నరు అన్నా ఏది కొనాలె అని, అందుకే ఇంత రాస్తున్న.

మన పరిస్థితి హైదరాబాద్‌ల ఉండేటోళ్ల లెక్క కాదు, ఇది మొదలు గుర్తువెట్టుకోవాలె. మనం ఆడాలంటే గోల్కొండ నయా ఖిల్లాల ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బుకో, గచ్చిబౌలి దిక్కు బౌల్డర్ హిల్స్‌కో, తెలిసినోళ్లు ఉంటే సికింద్రాబాద్ ఆర్మీ కోర్సుకో పోవాలె. నల్లగొండ నుంచి అయితే నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదికెళ్లి పెద్ద అంబర్‌పేట కాడ ఔటర్ ఎక్కుడు, మహబూబ్‌నగర్ నుంచి అయితే జడ్చర్ల, షాద్‌నగర్ మీదికెళ్లి. పొద్దుగాల ఆరింటికి టీ టైమ్, అంటే ఆట మొదలువెట్టే టైమ్, ఉంటే మూడున్నర, నాలుగింటికే బయలెల్లాలె. అంటే మొదటి షాట్ కొట్టకముందే రెండు గంటలు డ్రైవింగ్ సీట్ల కూసొని నడుము బిగుసుకపోయి ఉంటది, ఆట అయినంక అంతే దూరం మల్ల ఎండల వాపసు రావాలె. బ్యాగు ఎట్ల మోయాలె అన్న లెక్కల ఈ రెండు ప్రయాణాలను కూడ కలపాలె. చాలామంది కలపరు.

ఇగ బరువు సంగతి. రూల్ ప్రకారం బంతి కొట్టే క్లబ్బులు, అంటే కర్రలు, 14 దాటొద్దు. 14 ఉండాల్నని కాదు, దాటొద్దు అని మాత్రమే, దీని మీద మల్ల చెప్త. దూరం కొట్టే డ్రైవరు అనే క్లబ్బు 300 గ్రాముల దగ్గర్ల ఉంటది, లోహపు తలకాయ ఐరన్లు ఒక్కొక్కటి 400 పైన, బంతిని గుంతలకు దొర్లించే పట్టరు అర్ధకిలో అట్ల, మొత్తం 14 కలిపితే ఐదున్నర ఆరు కిలోలు. కాళ్లు ఉండే స్టాండ్ బ్యాగు ఖాళీది రెండు, రెండున్నర కిలోలు. బంతి ఒక్కటి 45.93 గ్రాములు దాటొద్దని రూల్, అంటే డజను బంతులు అర్ధకిలో పైన. ఇవన్ని కలిపినా తొమ్మిది కిలోల కాడనే ఉంటం. మరి ఎక్కడ పెరుగుతదంటే నీళ్ల కాడ. మన ఎండకాలం మనిషికి మూడు లీటర్లన్నా కావాలె, అవి మూడు కిలోలు, గొడుగు, తువ్వాల, టోపీ, ఇంట్ల కట్టిచ్చిన టిఫిన్ డబ్బ, అట్లట్ల 12, 13 కిలోలకు పోతది. 18 హోల్స్, అంటే బంతి వేసే 18 గుంతలు, నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు, నాలుగు నుంచి ఐదు గంటలు. మీ బ్యాగు బరువు అంచనా వేసుడు కాదు, తూకం వేయాలె. సూట్‌కేసు తూచే కొక్కెం కాంటా ఉంటే దానికి తగిలియ్యుండ్రి, లేకపోతే ఇంట్ల బరువు చూసుకునే మిషన్ మీద బ్యాగుతోని ఒకపారి, బ్యాగు లేకుండ ఒకపారి నిలవడి తేడా చూడుండ్రి. తూకం వేసిన రోజే నాకు ఎన్కటి సంది దాంట్ల పడి ఉన్న పాత బంతులు ముప్పై ఏడు దొరికినయి, అంటే కిలోన్నర పైన నేను వట్టిగనే మోసుకుంట తిరిగిన.

భుజాన మోసుడు గురించి మా బాపు కంటే మంచిగ నాకు ఏ కోచూ చెప్పలే. ఆయన పత్తి చేన్ల మందు కొట్టే 16 లీటర్ల పంపు ముప్పై ఏండ్లు ఈపున మోసిండు, నీళ్లే 16 కిలోలు, పంపు బరువు పైన. నా బ్యాగు చూసి ఆయన చెప్పింది రెండే ముక్కలు. ఒకటి, ఒక్క భుజానికి ఎప్పుడూ ఎయ్యొద్దు, రెండు పట్టీలు ఉండాలె, బరువు మెడ మీద కాకుండ నడుము కింద, తుంటి మీద కూసోవాలె. రెండోది, పంపు అయితే మందు కొట్టుకుంట పోతుంటే తేలిక అయితది గానీ నీ సంచి ఆఖరు దాక అదే బరువు గదరా, అన్నడు. నిజమే, మనం తాగిన నీళ్లు తప్ప ఏదీ తగ్గది. ఇంకోటి పంపు ఒక్కపారి ఎత్తుకుంటే ట్యాంకు అయ్యేదాక దించరు, గోల్ఫ్ బ్యాగును ప్రతి షాట్‌కు దించి మల్ల ఎత్తాలె, ఒక్క రౌండ్ల డెబ్బై ఎనభై సార్లు వంగి లేసుడు అయితది, నడుము పట్టేసేది మోసుడుతోని కంటే ఈ ఎత్తుడు దించుడుతోనే ఎక్కువ. అందుకే స్టాండ్ బ్యాగు పట్టీలు ఎట్ల సెట్ చేసుకోవాల్నంటే, భుజానికి ఎక్కినంక బ్యాగు అడుగు భాగం తుంటి ఎముక కాడ అడ్డంగ ఆనాలె, క్లబ్బుల తలకాయలు మరీ పైకి లేవొద్దు, దించేటప్పుడు మోకాళ్లు వంచాలె, నడుము కాదు.

మోసుడు మీకు ఇష్టమైతే 14 క్లబ్బులు మోయకుండ్రి. ఏడు ఎనిమిది చాలు. డ్రైవరో 3 వుడ్డో ఒకటి, ఒక హైబ్రిడ్, 6, 8, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టరు. సగం బరువు పోతది, ఆట ఏం పెద్దగ దెబ్బతినది, 7 ఐరన్ లేకుండ 8 ఐరన్‌ను జర గట్టిగ, 6 ఐరన్‌ను జర మెల్లగ కొట్టుడు నేర్చుకుంటం, అదొక మంచి సాధన. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక, తొమ్మిది హోల్స్‌కు, సగం సెట్టు భుజాన ఏసుకొని పోవుడంత హాయి ఇంకోటి లేదు, ఎటు పడితే అటు ఇసుక గుంత ఉండే బంకర్ పక్కపొంటి, బండల నడుమ నుంచి నడుసుకుంట పోవచ్చు. మే నెలల మాత్రం ఆ పని చెయ్యకుండ్రి. నేను ఒక మే నెల పంతంగ మొత్తం సెట్టు మోసి 13వ హోల్ కాడ కండ్లు తిరిగి చెట్టు కింద కూలవడ్డ, ఇంకో గ్రూపోళ్లు చూసి నీళ్లు కొట్టిన్రు. ఆ రోజు సంది ఎండకాలం భుజానికి బ్యాగు ఏసింది లేదు.

తర్వాత పుష్ ట్రాలీ. నన్ను ఒక్క మాట చెప్పుమంటే మనోళ్లల్ల ఎక్కువ మందికి ఇదే సరిపోతది. మొదట్ల రెండు చక్రాలది వచ్చేది, ఎనుకకు చెయ్యి వెట్టి గుంజుకుంట పోవాలె, ఇప్పటికీ చాలా కోర్సులల్ల కిరాయికి అవే ఇస్తరు. ఒక్క చెయ్యి ఎనుకకు మెలివెట్టి నాలుగు గంటలు గుంజితే భుజం, నడుము ఒక పక్క పట్టేస్తయి, అందుకే కొనేది అయితే రెండు చక్రాలది కొనకుండ్రి. మూడు చక్రాలది, నాలుగు చక్రాలది ముందలికి తోసేవి, మనిషి నిటారుగ నడుస్తడు. హ్యాండిల్ ఎత్తు మార్చుకునే తీరు ఉండాలె, మోచెయ్యి కొద్దిగ వంగి ఉండాలె, వంగి తోసుడు అయితే అది మీకు పొట్టి అయినట్టు. తూకం మామూలుగ ఆరు నుంచి ఎనిమిది కిలోలు ఉంటది, కారులకెళ్లి తీసేటప్పుడు పెట్టేటప్పుడే ఆ బరువు తెలుస్తది, సాఫు నేల మీద తెల్వది.

చక్రాల సంగతి మన దగ్గర చానా ముఖ్యం. గాలి కొట్టే టైర్లు మెత్తగ పోతయి నిజమే గానీ మన నేలల పల్లేరుకాయలు, తుమ్మముండ్లు ఎట్లుంటయో మీకు చెప్పాల్నా, కురచ గడ్డి ఉండే ఫెయిర్‌వే దాటి పొడుగు గడ్డి రఫ్‌లకు పోయినమంటే పంక్చరే. గాలి లేని, లోపల ఫోమ్ నిండిన గట్టి చక్రాలే తీసుకోవాలె. వెడల్పు ఎక్కువ ఉన్న చక్రం తడి నేలల తక్కువ దిగవడ్తది. వానకాలం బురద పట్టుకుంటే చక్రం తిరుగుడు బంద్ అయితది, నల్లరేగడి అయితే మరీ, ఒక పాత టూత్ బ్రష్ బ్యాగు జేబుల వెట్టుకుంటే పని అయితది. బాగా వాన పడ్డ రోజు కొన్ని కోర్సులల్ల ట్రాలీలనే లోపలికి రానియ్యరు, గడ్డి పాడైతదని, అందుకే ట్రాలీ ఉన్నా సరే తేలిక స్టాండ్ బ్యాగు ఒకటి ఉంచుకోవాలె, బండి మీదనే పెట్టే పెద్ద కార్ట్ బ్యాగు మాత్రమే ఉంటే ఆ రోజు చిక్కుల పడ్తరు. స్టాండ్ బ్యాగును ట్రాలీకి కట్టినప్పుడు దాని కాళ్లు తెరుచుకోకుండ కింది పట్టీ బిగించాలె, లేకపోతే పావుగంటకోసారి బ్యాగు గిర్రున తిరుగుతది.

బ్రేకు చూడకుండ ఏ పుష్ ట్రాలీ కొనకుండ్రి. కొన్నిటికి కాలితోని నొక్కేది, కొన్నిటికి చేతి కాడ లివరు, రెండూ మంచియే గానీ వాలు మీద నిలవెట్టినప్పుడు బ్రేకు ఒక్కదాన్నే నమ్మొద్దు, బండిని వాలుకు అడ్డంగ తిప్పి పెట్టాలె. చెరువు దిక్కు ముఖం పెట్టి అస్సలు వదలకుండ్రి. ట్రాలీని గుంత చుట్టూ నున్నటి గడ్డి ఉండే గ్రీన్ మీదికి, మొదటి షాట్ కొట్టే టీ మీదికి తీసుకపోవద్దు, గ్రీన్‌కు బంకర్‌కు నడుమ సందులకెళ్లి కూడ తోయొద్దు, పట్ అయినంక పోవాల్సిన తర్వాతి టీ దిక్కే పెట్టుకుంటే నడక తగ్గుతది. కొట్టిన బంతి అనుకోకుండ వచ్చి మన ట్రాలీకే తగిలితే ఏమైతదని చానామంది అడుగుతరు. 2019ల రూల్స్ మారినయి, పొరపాటున తగిలితే పెనాల్టీ లేదు, పడ్డకాడి నుంచే ఆడాలె. కావాల్నని అడ్డం పెడితే మాత్రం పెనాల్టీ ఉంటది.

తోస్తే ఎక్సర్సైజ్ ఏం అయితది, మోస్తేనే ఒళ్లు కరుగుతది అని నా దోస్తు ఒకడు ఎప్పుడూ కొట్లాడుతడు. అమెరికాల డెన్వర్‌ల నీల్ వోల్కడాఫ్ అనే ఆయన కొద్దిమంది ఆటగాళ్లకు మిషన్లు కట్టి లెక్కగట్టిండు, తొమ్మిది హోల్స్‌కు బ్యాగు మోసినోళ్లకు 721 క్యాలరీలు ఖర్చైతే తోసుకుంట పోయినోళ్లకు 718 అయినయి, బగ్గీల కూసున్నోళ్లకు 411. అంటే తోసుడుకు మోసుడుకు తేడా లేనట్టే. ఇంకో సంగతి, అదే పరీక్షల తోసినోళ్ల స్కోరు తొమ్మిది హోల్స్‌కు సగటున 40, మోసినోళ్లది 45. చిన్న పరీక్షే, దాన్ని వేదం లెక్క పట్టుకోవద్దు గానీ నాకు మాత్రం అర్థమైంది, బరువు మోసి అలిసిన భుజం చిన్న పట్‌ను కూడ సక్కగ కొట్టనియ్యది.

ఇగ ఎలక్ట్రిక్. మోటోక్యాడీ, పవకాడీ బ్రిటన్ కంపెనీలు, ఎమ్‌జీఐ ఆస్ట్రేలియాది, ఎక్కువగ ఈ పేర్లే ఇనవడ్తయి. పుష్ ట్రాలీ ధరకు ఎన్నో రెట్లు ఉంటది. హ్యాండిల్ మీద గుండ్రటి బటన్ తిప్పితే స్పీడు, మనం పక్కన చెయ్యి వేసి నడుసుడే. రిమోట్ తోని నడిచేవి, మన ఎనుక అవే వచ్చేవి కూడ ఉన్నయి. నేను చెప్పేది, మొదటిసారి కొనేటోళ్లు రిమోట్‌కు పోకుండ్రి, బండలు గుంతలు ఉన్న నేల మీద కన్ను తిప్పితే తలకిందులైతది, నీళ్ల దిక్కు పోయినా పట్టుకోలేం.

ఎవరికి అవసరం అంటే, మోకాళ్ల నొప్పులు ఉన్నోళ్లకు, నడుము డిస్క్ సంగతి ఉన్నోళ్లకు, 55 దాటినోళ్లకు, ఎత్తుపల్లాలు ఎక్కువ ఉన్న కోర్సుల వారానికి రెండుసార్లు ఆడేటోళ్లకు. నెలకొకసారి ఆడేటోళ్లకు అవసరం లేదు, ఎందుకంటే వాడకుండ పెట్టిన బ్యాటరీయే పాడైతది. ఇది మనకు కొత్త కాదు, ఇప్పుడు చేన్లల్ల అందరూ బ్యాటరీ పంపులే కొంటున్నరు గదా, సీజన్ అయినంక చార్జింగ్ అయిపోయిన బ్యాటరీని అట్లనే కొట్టంల పడేస్తే మల్ల జూలైల తీసి చూస్తే పట్టుకోది. పాత ట్రాలీలల్ల వచ్చే లెడ్ బ్యాటరీ కూడ అదే కథ, ఇన్వర్టర్ బ్యాటరీ లెక్క ఎప్పుడూ నిండ చార్జింగ్ తోని ఉంచాలె, పైంగ ఎనిమిది పది కిలోల బరువు. లిథియం అయితే రెండు మూడు కిలోలే, దాన్ని నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే నిండ కాకుండ సగం చార్జింగ్‌ల చల్లని గదిల పెట్టాలె.

బ్యాటరీ మీద 12 వోల్టులు 16 యాంపియర్ అవర్స్ అని ఉంటే మామూలుగ 18 హోల్స్‌కు సరిపోతది, పెద్దదాన్ని 36 హోల్స్‌ది అని అమ్ముతరు. కొత్తల ఉన్నంత రెండేండ్లకు ఉండది, ఎత్తు ఎక్కితే ఇంక తొందరగ దిగుతది, బ్యాగు బరువున్నా దిగుతది. అందుకే బడ్జెట్ ఉంటే పెద్ద బ్యాటరీయే మేలు, ట్రాలీ మోడల్ కిందిది తీసుకున్నా సరే. వోల్టులను యాంపియర్ అవర్స్‌తోని గుణిస్తే వాట్ అవర్స్ వస్తయి, 12 ఇంటు 16 అంటే 192. శంషాబాద్‌ల ఫ్లైట్ ఎక్కి వేరే ఊరికి ఆడనీకి పోయేటోళ్లు ఇది యాది పెట్టుకోవాలె, 160 వాట్ అవర్స్ దాటిన విడి లిథియం బ్యాటరీని ప్యాసింజరు విమానంల సామానుగ తీసుకపోనియ్యరు, 100 దాటి 160 దాక ఉంటే ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలె.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఎండది, దీన్ని దుకాణపోడు చెప్పడు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిల చార్జింగ్ పెట్టొద్దు. మన నల్లగొండల మే నెల బయటి గాలే 44, 45 కొడ్తది, అద్దాలు ఎక్కించి ఎండల నిలవెట్టిన కారు లోపల 60 దాటుతది. రౌండ్ అయినంక క్యాంటీన్‌ల కూసొని బిర్యానీ తిని రెండు గంటలు ముచ్చట పెట్టేలోపల డిక్కీల ఉన్న బ్యాటరీ ఉడికిపోతది, ఆ రోజే ఏం కాది గానీ దాని ఆయుష్షు తగ్గుకుంట పోతది. అందుకే బ్యాటరీని ట్రాలీ నుంచి ఊడబీకి మీతోని లోపలికి తెచ్చుకోవాలె, బ్యాగుల సంచిల ఏదో ఒకదాంట్ల. ఇంటికి వచ్చినంక కూడ వెంటనే చార్జర్‌కు పెట్టకుండ్రి, చేత్తోని పట్టుకుంటే మామూలు చల్లదనం వచ్చినంకనే, ఓ గంటో రెండు గంటలో ఆగి పెట్టుండ్రి. చార్జింగ్ పెట్టి రాత్రంత పండుకునే అలవాటు ఉంటే కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలె, బజార్ల దొరికిన అగ్గువది వద్దు. ఉబ్బిన బ్యాటరీని వాడనే వద్దు.

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ ట్రాలీ కొందమనుకునేటోళ్లకు, మా సోపతిగాడు అట్లనే ఒకటి తెచ్చిండు, దుకాణంల సక్కగ తిరిగింది, కోర్సుల ఏడో హోల్ ఎత్తు మీద ఆగిపోయింది. తోద్దమంటే కదలలే, మోటరు గేరు పట్టుకొని ఉంది, 12 కిలోల బండి, మీద 13 కిలోల బ్యాగు, ఇద్దరం కలిసి గుంజుకుంట వచ్చినం. అప్పటి సంది నేను అందరికీ చెప్పేది ఇదే, కొనేముందు స్విచ్ బంద్ చేసి బ్యాగు ఎక్కించి చేత్తోని తోసి చూడాలె, చక్రాలకు మోటరు నుంచి విడిపించే తీరు ఉందో లేదో చూడాలె. వాలు దిగేటప్పుడు తనంతట తాను స్పీడు పెరగకుండ ఆపే బ్రేకింగ్ ఉందా అని కూడ అడగాలె, అన్ని మోడల్స్‌కు ఉండది, బౌల్డర్ హిల్స్ లాంటి రాళ్ల గుట్టల నడుమ ఉన్న కోర్సుల అది లేకుంటే దిగుడంత దాన్ని ఎనుకకు గుంజుకుంట పోవుడే. కొత్తదైనా సరే, స్పేర్ బ్యాటరీ ఎంత, ఇండియాల ఎవరు రిపేర్ చేస్తరు, పార్టు ఎన్ని రోజులకు వస్తది, ఈ మూడు అడిగి జవాబు సక్కగ రాకపోతే వచ్చేయుండ్రి. కడిగేటప్పుడు పైపు పెట్టి జోరుగ నీళ్లు కొట్టకుండ్రి, తడి బట్టతోని తుడిస్తే చాలు.

మన బ్యాగు మోసుకుంట ఎంబడి నడిచే క్యాడీల గురించి చెప్పకుండ ఈ ముచ్చట మన దగ్గర పూర్తి కాది. మన క్లబ్బులల్ల ఎక్కువగ క్యాడీ వస్తడు, కొన్నిట్ల తప్పనిసరి కూడ, అందుకే ఏ ట్రాలీ కొనేముందైనా మీరు ఆడే కోర్సుకు ఫోన్ చేసి సొంత ట్రాలీ తెచ్చుకోవచ్చా, క్యాడీ తప్పనిసరా అని అడగాలె. క్యాడీ ఎట్లాగూ ఉంటడు అంటే ఎలక్ట్రిక్ మీద అంత పైసలు పెట్టుడు దండగనే. కానీ క్యాడీ ఉన్నడు గదా అని 15 కిలోల బ్యాగు ఆయన భుజానికి తగిలియ్యుడు నాకు మనసొప్పది. ఆయనది కూడ నడుమే, మనం వారానికి ఒక రౌండ్ నడుస్తం, ఆయన రోజుకు రెండు నడుస్తడు. మంచి మూడు చక్రాల పుష్ ట్రాలీ ఆయన చేతికి ఇయ్యుండ్రి, నీళ్లు ఆయనకు కూడ సరిపోయేటట్టు పెట్టుండ్రి. అప్పుడు ఆయన కండ్లు బంతి మీద, గ్రీన్ వాలు మీద ఉంటయి, మనకు కావాల్సింది కూడ అదే.

కొనే రోజు మీ సొంత బ్యాగు నిండ సామాను పెట్టుకొని, మీరు కోర్సుకు తీసుకపోయే కార్లనే దుకాణానికి పోవుండ్రి. ట్రాలీని మీరే మడవాలె, మీరే తెరవాలె, అమ్మేటాయన చేస్తే మూడు సెకన్లల్ల అయితది, మన చేతికి ఎట్ల వస్తదో చూడాలె. తర్వాత డిక్కీల బ్యాగు పెట్టి దాని పక్కన ట్రాలీ పెట్టి డోరు వేసి చూడుండ్రి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కార్లల్ల చానాసార్లు రెండూ పట్టవు, ఎనుక సీటు మడవాల్సి వస్తది, అప్పుడు మీతోని వచ్చే ఇద్దరు దోస్తులకు జాగా ఉండది. చక్రాలు ఊడబీకి పెట్టే మోడల్ అయితే పట్టొచ్చు, ఊడబీకి తొడుగుడు కూడ అక్కడనే రెండుసార్లు చేసి చూడుండ్రి. సాఫు బండల మీద ఓ ఇరవై అడుగులు చెయ్యి వదిలి తోస్తే బండి ఒక పక్కకు గుంజుతదా లేదా తెలుస్తది, గుంజితే ముందటి చక్రం కాడ సరిచేసే స్క్రూ ఉందా అని అడుగుండ్రి. ఇంకా ఎటూ తేలకపోతే కొనుడు ఆపి, మూడు వారాలు కోర్సుల కిరాయి ట్రాలీ తీసుకొని ఆడుండ్రి, మూడో వారం ఇంటికి వచ్చేటప్పుడు చౌటుప్పల్ కాడ చాయ్‌కి కారు దిగినప్పుడు నడుము ఎట్లుందో చూసుకోండ్రి.